అనుమతి వచ్చాక మొదలయ్యే పని: విశాఖలో ఆర్కిటెక్చర్ స్టూడియో ఎలా నడుస్తుంది

విశాఖపట్నంలో స్థలం కొని ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబం ముందుగా వెతికేది ప్లాన్ గీసేవాళ్లను. బంధువుల్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు నంబరు ఇస్తారు. స్థలం కొలతలు, దస్తావేజు నకలు వాట్సాప్‌లో పంపితే వారంలోపే గదులు గీసిన కాగితం వచ్చేస్తుంది. వాస్తు సిద్ధాంతి చూసి ఒకటి రెండు మార్పులు చెబుతారు. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో దరఖాస్తు, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అనుమతి, శంకుస్థాపనకు ముహూర్తం. ఆర్కిటెక్చర్ స్టూడియో గడప తొక్కకుండానే ఇదంతా అయిపోతుంది. నగరంలో చాలా ఇళ్లు ఇలాగే లేచాయి.

అందుకే స్టూడియోకి వచ్చినవాళ్లు కూడా మొదటి రోజే అడుగుతారు: "బయట వారంలో ఇస్తున్న ప్లాన్‌కి మీరు నాలుగు నెలలు ఎందుకండీ? ఫీజులో అంత తేడా ఎందుకు?" న్యాయమైన ప్రశ్న. మా వృత్తిలో చాలామంది దీనికి అందం గురించి, అభిరుచి గురించి చెప్పి సరిపెడతారు. కానీ జవాబు దొరికేది స్టూడియోలో రోజూ జరిగే పనిలో. ఆ పని బయటికి కనిపించదు. కనిపించకపోవడం వల్ల ఇల్లు కట్టించుకునేవాళ్లు నష్టపోతున్నారు, స్టూడియోల్లో పనిచేసే పిల్లలూ నష్టపోతున్నారు. ఈ రెండు నష్టాలకూ మూలం ఒకటేనని నా నమ్మకం.

అనుమతికి ఒక డ్రాయింగ్, కట్టడానికి మరొకటి

నగరపాలక సంస్థకు ఇచ్చే డ్రాయింగ్‌ను స్టూడియోల్లో సబ్మిషన్ డ్రాయింగ్ అంటారు. అది అధికారుల ప్రశ్నలకు మాత్రమే జవాబు చెబుతుంది. స్థలం ఎంత, ముందున్న రోడ్డు వెడల్పు ఎంత, నాలుగు వైపులా ఎంత ఖాళీ వదిలారు, ఎత్తు ఎంత, బండ్లు ఎక్కడ పెడతారు, ఇంకుడు గుంత ఎక్కడ తీస్తారు. వీటికి మించి అందులో ఏమీ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఇల్లు కట్టే మేస్త్రీకి కావలసినవి వేరు. బాత్రూము నేల ఏ మూలకు వాలాలి? కిటికీ పైన సన్‌షేడ్ ఎంత ముందుకు రావాలి? ఏసీ నీళ్లు ఎటు పోవాలి? మెట్టు ఎత్తు ఎంత, వెడల్పు ఎంత? వంటగది గట్టు కింద గ్యాస్ గొట్టం ఎక్కడ దూరాలి? మంచం ఎటు వేస్తారు, దాని పక్కన స్విచ్చి ఏ ఎత్తులో ఉండాలి? వీటికి జవాబు చెప్పేవే వర్కింగ్ డ్రాయింగులు. రెండంతస్తుల ఇంటికే ఇవి పదుల కొద్దీ షీట్లు అవుతాయి. పునాదుల సెంటర్ లైన్, పిల్లర్ల స్థానాలు, గోడల కొలతలు, తలుపులు కిటికీల పట్టిక, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ, ప్రతి బాత్రూముకూ విడి షీటు, టైల్స్ పరిచే వరస, మేడ మీద నీటి వాలు, ప్రహరీ గోడ, గేటు.

ఈ షీట్లు లేకపోయినా ఇల్లు ఆగదు. ఎవరో ఒకరు అక్కడికక్కడ నిర్ణయం తీసేసుకుంటారు. ఒకరోజు మేస్త్రీ, ఇంకోరోజు ఎలక్ట్రీషియన్, మరోరోజు ప్లంబరు. వాళ్ల పనితనాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఎవరి పని వరకే వాళ్లకు కనిపిస్తుంది. స్లాబు వేశాక చూస్తే బీము సరిగ్గా వెంటిలేటర్ ఉండాల్సిన చోటే వస్తుంది. డ్రైనేజీ గొట్టం పోర్టికో మీదుగా దిగుతుంది. మెట్ల కింద తల తగులుతుంది. కొట్టడం, మళ్లీ కట్టడం మొదలవుతుంది. అలా పోయే డబ్బు ఏ ఫీజు లెక్కలోనూ రాదు కాబట్టి దాన్ని ఎవరూ ఖర్చుగా చూడరు.

ఇక్కడే చట్టం సంగతి కూడా చెప్పాలి. ఆర్కిటెక్ట్ అనే హోదాకు 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఆధారం. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. అయితే 2020లో సుప్రీంకోర్టు ఒక విషయం తేల్చి చెప్పింది. ఆ చట్టంలోని 37వ సెక్షన్ కాపాడేది ఆ హోదానే. భవనాలను డిజైన్ చేసే పనిని ఇతరులు చేయకూడదని అందులో లేదు. అనుమతుల వ్యవస్థలో లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, అంటే అందరూ ఎల్‌టీపీ అనే వ్యక్తి, ఇంజినీరు కావచ్చు, ఆర్కిటెక్ట్ కావచ్చు. కాబట్టి స్థలం ఓనరుకు ఎవరు ఎవరో అర్థం కాకపోవడం సహజం. స్థూలంగా చెప్పాలంటే, ఎల్‌టీపీ ఆ డ్రాయింగు నిబంధనల ప్రకారం ఉందని ధ్రువీకరించి దరఖాస్తు చేస్తారు. స్ట్రక్చరల్ ఇంజినీరు భవనం నిలబడేలా పిల్లర్లు, బీములు, ఇనుము లెక్కగడతారు. కాంట్రాక్టరు కట్టిస్తారు. ఆర్కిటెక్ట్ వీళ్లందరి నిర్ణయాలూ ఒకదానికొకటి అడ్డుపడకుండా, అందులో ఉండబోయే మనుషులకు పనికొచ్చేలా ముందే కాగితం మీద కలిపి చూస్తారు. ఒకే మనిషి రెండు మూడు పాత్రలు చేయవచ్చు. ఏ పాత్రకు డబ్బు ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వడం ముఖ్యం.

ఈ ఊరి నేల, గాలి, ఉప్పు

స్టూడియో పని గదులు గీయడంతో మొదలవదు. స్థలం చూడడంతో మొదలవుతుంది. విశాఖలో ఈ దశను దాటవేస్తే తర్వాత ఎంత తెలివిగా గీసినా లాభం లేదు.

ఎండాడ, మధురవాడ, సీతమ్మధార, కైలాసగిరి వెనుక వైపు స్థలాల్లో ఒక మూలకూ ఇంకో మూలకూ మనిషెత్తు తేడా ఉండడం మామూలు. కొలతల కాగితం మీద అది చదునైన దీర్ఘచతురస్రంగానే కనిపిస్తుంది. సర్వేయర్‌తో లెవెల్స్ తీయిస్తేనే అసలు ఆకారం బయటపడుతుంది. చాలామంది చేసేది కొండవైపు తవ్వి, రెండోవైపు మట్టి నింపి, స్థలాన్ని చదును చేయడం. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ రాయి. ఎండకు, వానకు అది మెత్తబడి, ఎర్రబారి, రాలిపోతుంది. నిలువుగా కోసేసి వదిలేస్తే నాలుగు వానలకే జారడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి రిటైనింగ్ వాల్ కావాలి. గోడ వెనుక చేరే నీళ్లు బయటికి రావడానికి అందులో రంధ్రాలు కావాలి. లేకపోతే ఆ నీటి బరువే గోడను తోసేస్తుంది. దీనికి బదులు ఇంటినే రెండు మట్టాల్లో పెట్టవచ్చు. హాలు ఒక లెవెల్, నాలుగు మెట్లు ఎక్కితే పడకగదులు. తవ్వడం తగ్గుతుంది, గోడ ఖర్చు తగ్గుతుంది, వెనుక గదికి కూడా గాలి వస్తుంది. ఏది మంచిదో చెప్పాలంటే రెండూ గీసి, రెండింటి ఖర్చూ వేసి చూడాలి. స్టూడియోలో మొదటి నెల ఇలాంటి వాటికే పోతుంది.

నీటి దారి ఇంకా ముఖ్యం. కొండల మీద పడిన వాన గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, సముద్రానికి పోవాలి. లేఅవుట్లు వేసేటప్పుడు కొన్ని గెడ్డలు సన్నబడ్డాయి, కొన్ని కాలువలయ్యాయి. స్థలం పాత నీటి దారిలో ఉందో లేదో ఒకసారి గట్టి వానలో చూస్తే తెలుస్తుంది, లేదా చుట్టుపక్కల పాతకాపులను అడిగితే చెబుతారు. ఏటా ఇక్కడ సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే వంద చదరపు మీటర్ల మేడ మీద ఏడాదికి దాదాపు లక్ష లీటర్లు. అనుమతి కోసం కాగితం మీద ఇంకుడు గుంత చూపించి, నిజంగా తవ్వనివాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. మంగమారిపేట దగ్గర తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రెండు వేల ఏళ్ల కిందటే రాతిలో తొట్లు తొలిచి వాన నీళ్లు నిలవ చేసుకున్నారు. కొండ మీద కట్టేవాళ్లకు అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. కొత్తగా చేరిన పిల్లలను అక్కడికి తీసుకెళ్లాలని ప్రతి స్టూడియోకూ చెబుతుంటాను.

తర్వాత ఉప్పుగాలి. లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి లేఅవుట్, పెద వాల్తేరు వైపు కొన్ని అపార్ట్‌మెంట్లలో బాల్కనీ అడుగున పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడి కనిపిస్తాయి. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, మీదున్న కాంక్రీటును పగలగొడుతుంది. దీనికి మందు ఇనుము చుట్టూ చాలినంత మందంలో గట్టి కాంక్రీటు ఉండడమే. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్రతీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, ఇనుముపై కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు ఉండాలి. ఉప్పు కెరటాల తుంపర పడే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు కాబట్టి తీరానికి దగ్గర బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా వాడకూడదు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. సైటులో జరిగేది వేరు. ఇనుమును పలకకు ఎడంగా నిలిపే కవర్ బ్లాకులకు బదులు కంకర రాయి ముక్క పెట్టి ఇనుము పరుస్తారు. కాంక్రీటు పోసేటప్పుడు అది కదిలిపోతుంది, చువ్వ సెంట్రింగ్ పలకకు ఆనుకుంటుంది. స్లాబు వేసే ముందురోజు సాయంత్రం జూనియర్ ఆర్కిటెక్టో ఇంజినీరో టేపు పట్టుకుని వెళ్లి ఈ కవర్ చూసుకోవడం ఆ భవనం ఆయుష్షును చాలా ఏళ్లు అటూ ఇటూ చేయగలదు. రెయిలింగుకు స్టీలు ఎంచుకోవడం కూడా అంతే. మామూలుగా దొరికే 304 రకం సముద్రం దగ్గర మచ్చలు పడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం తట్టుకుంటుంది. ధర ఎక్కువే, కానీ బీచ్ రోడ్డులో అది సోకు ఖర్చు కాదు.

ఇక గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని నేరుగా తాకింది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. దుకాణాల, ఆఫీసుల ముందున్న అద్దాలు పగిలి రోడ్ల మీద పడ్డాయి. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి స్థూలంగా లెక్కగడితే చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి. ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉన్న కిటికీ మీద అది 500 కిలోలు దాటుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు సముద్రం వైపు గోడంతా అద్దం పెట్టమని క్లయింట్ అడిగినప్పుడు వెంటనే సరే అనలేరు. అద్దం మందం, ఫ్రేము బలం, దాన్ని గోడకు పట్టే మేకులు, వాన నీరు లోపలికి తోసుకురాకుండా కింద పట్టీ, అన్నీ చూసి చెబుతారు. 2015లో ఆ ప్రమాణాన్ని సవరించినప్పుడు తుపాను తీరాల్లో ఆసుపత్రుల వంటి ముఖ్య భవనాలకు గాలి వేగాన్ని 1.3 రెట్లుగా తీసుకుని లెక్కించమన్నారు. తుపాను మర్నాడు నిలబడి పనిచేయాల్సినవి అవే కదా.

వాస్తును పక్కన పెట్టి ఇక్కడ ఏ ఇల్లూ గీయలేం. పెట్టాల్సిన అవసరమూ లేదు. క్లయింట్ నమ్మకాన్ని చులకన చేసే ఆర్కిటెక్టులు నాకు నచ్చరు. దానితో కలిసి పనిచేస్తే మంచి ఇల్లు వస్తుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి నైరుతి నుంచి వీస్తుంది. నైరుతి బరువుగా, మూసి ఉండాలని సిద్ధాంతి అంటారు, పెద్ద పడకగది కూడా అక్కడే ఉండాలంటారు. గది అక్కడే పెట్టి, దక్షిణం గోడకు కిటికీ, ఎదురుగా ఉత్తరం వైపు గాలి బయటికి పోయే దారి ఇస్తే రెండూ కుదురుతాయి. పడమటి ఎండకు మాత్రం లోతైన సన్‌షేడ్ తప్పదు. ఇంకోటి, మన తీరం వంపు వల్ల సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. వాస్తు ప్రకారం ఆగ్నేయం వంటగదిది. అంటే ఇంట్లో అన్నిటికన్నా మంచి దృశ్యం వంటగదికి దక్కుతుంది. చాలా ప్లాన్లలో అక్కడ చిన్న వెంటిలేటర్ పెట్టి ఊరుకుంటారు. వంటగదిని, భోజనాల బల్లను కలిపి పెద్ద కిటికీ ఇస్తే ఇంటిల్లిపాదీ ఎక్కువసేపు గడిపే చోటు అదే అవుతుంది. ఇలాంటి పరిష్కారం దొరికిన రోజు స్టూడియోలో అందరికీ పండగే.

బల్లల దగ్గర ఏం జరుగుతుంది

విశాఖలో స్టూడియోలు చాలావరకు చిన్నవి. సిరిపురంలోనో ద్వారకానగర్‌లోనో ఒక ఫ్లాటు, లేదా సొంత ఇంటి కింది అంతస్తు. ఒక ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్, ఇద్దరు ముగ్గురు జూనియర్లు, ఒకరిద్దరు ట్రైనీలు, ఏళ్ల తరబడి డ్రాఫ్టింగ్ చేస్తున్న ఒక సీనియర్. ఆ సీనియర్‌కు డిగ్రీ ఉండకపోవచ్చు. కానీ ఏ మేస్త్రీ ఏ డ్రాయింగ్‌ను ఎలా తప్పు చదువుతాడో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. స్ట్రక్చరల్ ఇంజినీరు, ఎలక్ట్రికల్ కన్సల్టెంట్ బయటివాళ్లు. వాళ్లతో రోజూ ఫోన్లు, ఫైళ్లు.

మొదట ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలు గీతలు. ఇంకా చాలా స్టూడియోల్లో ఇది ఉంది, ఉండాలి కూడా. తర్వాత కంప్యూటర్‌లో ఆటోక్యాడ్, స్కెచప్, కొన్నిచోట్ల రెవిట్. క్లయింట్‌కు చూపించడానికి త్రీడీ బొమ్మలు. స్టూడియో సమయాన్ని తినేసేది ఈ త్రీడీయే. ఫొటోలా కనిపించే బొమ్మ వస్తేనే క్లయింట్‌కు నమ్మకం కుదురుతుంది. ఎలివేషన్‌కు, అంటే ఇంటి ముఖభాగానికి, ఇంకో రంగు, ఇంకో రాయి, ఇంకో రెయిలింగు అడుగుతారు. బొమ్మలో బాగున్నది గాలిలో, ఉప్పులో ఎలా ఉంటుందో బొమ్మ చెప్పదు. క్లయింట్‌ను ముఖభాగం దగ్గర నుంచి సెక్షన్ దగ్గరకు తీసుకురావడం, అంటే ఇంటిని నిలువుగా కోసినట్టు చూపించి వెలుతురు, గాలి, ఎత్తులు వివరించడం, మంచి ఆర్కిటెక్ట్ గుర్తు.

ప్రతి షీటుకూ నంబరు, తేదీ, రివిజన్ గుర్తు ఉంటాయి. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ స్టూడియో క్రమశిక్షణ అంతా ఇక్కడే ఉంది. సైటులో మేస్త్రీ చేతిలో పాత రివిజన్ ఉండి, ఇంజినీరు దగ్గర కొత్తది ఉంటే పిల్లరు తప్పు చోట లేస్తుంది. ఇప్పుడు డ్రాయింగులు వాట్సాప్‌లో తిరగడంతో ఈ ప్రమాదం పెరిగింది. కట్టడానికి సిద్ధమైన షీటు మీద జీఎఫ్‌సీ (గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్) ముద్ర వేసి, పాతవి సైటు నుంచి వెనక్కి తెప్పించే పద్ధతి పాటించే స్టూడియోలో పని చూడగానే తేడా తెలుస్తుంది.

సైటు ఇంకో బడి. స్టూడియోలో ఏసీ గదిలో గీసింది అక్కడ ఎండలో పరీక్షకు నిలబడుతుంది. కొత్తగా వెళ్లిన అమ్మాయిని మేస్త్రీ ముందు తేలిగ్గానే చూస్తాడు. "ఏటి మేడమ్, ఇన్నాళ్లూ మేం కట్టలేదా?" అంటాడు. ఆమె కోపం తెచ్చుకోకుండా, తాను అడిగినట్టు కడితే పని ఎలా సులువవుతుందో చూపిస్తే, నెల తిరిగేసరికి ఆ మేస్త్రీయే ఫోన్ చేసి సందేహాలు అడుగుతాడు. ఈ సంబంధం ఏర్పడిన సైటులో డ్రాయింగులు కూడా మెరుగవుతాయి, ఎందుకంటే మేస్త్రీ చెప్పింది విని మార్చేవీ చాలా ఉంటాయి.

అనుమతుల పొరలు

జీవీఎంసీ పరిధిలో నగరపాలక సంస్థ, దాని బయట వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఆ సంస్థ నియమాలు చూస్తాయి. సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపల తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. ఇప్పటికే కట్టడాలు నిండిన నగర భాగంలో, ఉన్న రోడ్డుకో అనుమతి ఉన్న పాత భవనాలకో భూమి వైపునే కొత్తవి కట్టాలి. విమానాశ్రయం నౌకాదళానిది కాబట్టి ఎత్తైన భవనాలకు అటు నుంచి ఎత్తు అనుమతి కావాలి. ఎత్తు పెరిగితే అగ్నిమాపక శాఖ అనుమతి. అందుకే స్థలం కొనకముందే ఆర్కిటెక్ట్‌ను ఒకసారి తీసుకెళ్లి చూపించమంటాను. రెండు గంటల సలహాతో లక్షల పొరపాటు ఆగుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఆర్కిటెక్ట్ సంతకానికి ఇంకో బరువు ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) కింద ప్రాజెక్టును నమోదు చేయాలి. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. అందులోంచి బిల్డరు డబ్బు తీయాలంటే పని ఎంత పూర్తయిందో ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ ధ్రువీకరించాలి. చిన్న మార్పులు మినహా, ఆమోదించిన ప్లాన్‌ను మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఫ్లాటు కొనేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి. ఆ కాగితం మీద సంతకం చేసే ఆర్కిటెక్ట్ బిల్డరు దగ్గరే జీతం తీసుకున్నట్టు ప్రవర్తిస్తే చట్టం ఇచ్చిన రక్షణ పోతుంది.

డబ్బు ఎటు నుంచి రావాలి

కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఈ వృత్తి పనిని ఏడు దశలుగా చెబుతుంది. ఊహ రూపం, ప్రాథమిక డిజైన్, అనుమతుల డ్రాయింగులు, వర్కింగ్ డ్రాయింగులు, కాంట్రాక్టరు ఎంపిక, నిర్మాణం, పూర్తి చేసి అప్పగించడం. ప్రతి దశ చివర ఫీజులో ఒక భాగం రావాలి. ఇక్కడ జరిగేది వేరు. మొదటి రెండు దశలూ ఉచితంగా చూపించమంటారు. "నచ్చితే మీకే ఇస్తాం సార్" అంటారు. ముగ్గురి దగ్గర ఉచిత డిజైన్లు తీసుకుని, తక్కువ అడిగిన నాలుగో మనిషితో గీయించుకునేవాళ్లూ ఉన్నారు. అనుమతి రాగానే ఇంక పని అయిపోయినట్టే మాట్లాడతారు. నిజానికి సగం పని అప్పటికి మొదలే కాలేదు.

ఫీజు సరిగా రాకపోతే కొందరు ఇంకో దారి పడతారు. టైల్స్, గ్రానైటు, శానిటరీ షాపుల నుంచి కమీషను. వృత్తి నియమావళి దీన్ని స్పష్టంగా కాదంటుంది. ఆర్కిటెక్ట్ కాంట్రాక్టర్ల నుంచి గానీ వర్తకుల నుంచి గానీ కమీషన్లు, బహుమతులు తీసుకోకూడదు. కారణం తేలికే. కమీషను ఇచ్చే షాపు రాయే క్లయింట్ ఇంటికి మంచిదవుతుంది. ఆ మొత్తం చివరికి క్లయింట్ బిల్లులోంచే పోతుంది. ఫీజులో బేరమాడి మిగిల్చామనుకున్నది అక్కడ వెళ్లిపోతుంది, పైగా సలహా మీద నమ్మకం కూడా పోతుంది. ఫీజు రాని ఆర్కిటెక్ట్ మీద నాకు సానుభూతి ఉంది. అయినా ఈ దారిని సమర్థించలేను.

రాత్రులు, జీతాలు

ఇప్పుడు మొదట చెప్పిన రెండో నష్టం దగ్గరకు వద్దాం. ఉచితంగా చేసిన డిజైన్లు, అదనపు త్రీడీలు, డబ్బు రాని రివిజన్లు, వీటన్నిటికీ గంటలు ఎవరో ఒకరు పెట్టాలి. ఆ గంటలు పెట్టేది ఇరవై మూడేళ్ల జూనియర్లు, ఇంకా చదువు ముగియని ట్రైనీలు.

ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ ఐదేళ్ల చదువు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, గీతం యూనివర్సిటీలో ఈ కోర్సు ఉంది. చివరి దశలో ఒక సెమిస్టరు ఏదైనా స్టూడియోలో పని నేర్చుకోవాలి. కొన్నిచోట్ల ఆ నెలలకు దారి ఖర్చులకు సరిపడా స్టైపెండు ఇస్తారు, కొన్నిచోట్ల అదీ ఇవ్వరు. పరలాకిమిడి నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి గది అద్దెకు తీసుకున్న పిల్లలకు అది నిజంగా కష్టం. నైట్‌అవుట్ అనేది కాలేజీలోనే అలవాటవుతుంది. జ్యూరీకి, అంటే డిజైన్ పరీక్షకు, ముందురోజు రాత్రంతా మేలుకుని షీట్లు పూర్తి చేస్తారు. గురువు బల్ల దగ్గర నేర్చుకుని, చివర పెద్దల ముందు నిలబడి డిజైన్‌ను సమర్థించుకునే ఈ పద్ధతి పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే కళాశాల నాటిది. మన దేశంలో ఆర్కిటెక్చర్ చదువుకు తొలి అడుగులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బొంబాయి సర్ జె.జె. సంస్థలో పడ్డాయి. నూరేళ్లు దాటినా ఆ రాత్రుల అలవాటు మాత్రం అలాగే ఉంది.

దీన్ని సమర్థించేవాళ్లు పెద్దల కథలు చెబుతారు. 2018లో ఆర్కిటెక్చర్‌లో పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి భారతీయుడు బాలకృష్ణ దోషి యువకుడిగా పారిస్‌లో ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కోర్బూజియే దగ్గర మొదటి ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేశారు. నిజమే. ఆయన పట్టుదల గొప్పది. కానీ ఆ ఉదాహరణ నుంచి జీతం ఇవ్వనక్కర్లేదన్న నియమం తీయడం అన్యాయం. అలా ఎనిమిది నెలలు నెట్టుకురాలేని ప్రతిభావంతులు ఎంతమంది వెనుదిరిగి ఉంటారో ఏ కథా చెప్పదు. జీతం లేని చోట ఇంటి దగ్గర నుంచి డబ్బు వచ్చేవాళ్లే నిలబడగలరు. అప్పుడు ఈ వృత్తి ఆ కొద్దిమందిదే అవుతుంది. మన ఊళ్ల ఇళ్లు, మన వసారాలు, మన ఇరుకు సందులు బాగా తెలిసిన పిల్లలు బయట ఉండిపోతారు.

కష్టపడడాన్ని నేను తప్పుపట్టను. స్లాబు వేసే రోజు తెల్లవారుజామున సైటులో ఉండాలి, అందులో నేర్చుకునేది చాలా ఉంది. ఒక డీటెయిల్ కుదిరేదాకా కూర్చోవడంలో ఆనందమూ ఉంది. తప్పు ఎక్కడంటే, ఎవరూ డబ్బు ఇవ్వని ఎనిమిదో త్రీడీ కోసం రాత్రి రెండు దాకా కూర్చోబెట్టడం. దాని వల్ల పిల్లలు నేర్చుకునేది ఏమీ లేదు, ఇల్లు బాగుపడేదీ లేదు. రెండేళ్లు ఓపిక పట్టి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతారు. వాళ్లతో పాటు ఇక్కడి ఉప్పు, గాలి, వాలు గురించి నేర్చుకున్నదీ వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఈలోగా ఏదో ఒక బాల్కనీలో 45 మిల్లీమీటర్ల కవర్ ఎవరూ చూడకుండానే కాంక్రీటు పడిపోతుంది.

కాబట్టి స్టూడియోలు రెండు పనులు చేయాలి. డిజైన్ మొదలుపెట్టే ముందే రాతపూర్వక ఒప్పందం, అందులో దశలవారీ చెల్లింపు, ఎన్ని రివిజన్లు ఫీజులో భాగమో, అంతకు మించితే ఎంతో స్పష్టంగా ఉండాలి. ట్రైనీకి కనీసం అద్దె, భోజనం గడిచే స్టైపెండు, వారంలో ఒకరోజు తప్పనిసరిగా సైటు ఉండాలి. ఇల్లు కట్టించుకునేవాళ్లు అడగాల్సినవీ ఉన్నాయి. ఫీజు ఎంత అన్న ప్రశ్నతో పాటు వర్కింగ్ డ్రాయింగులు ఏవేవి ఇస్తారు, సైటుకు ఎన్నిసార్లు వస్తారు, స్లాబుకు ముందు ఇనుము ఎవరు చూస్తారు, మా స్థలం లెవెల్స్ తీశారా అని అడగండి. జవాబులు ఒప్పందంలో రాయించుకోండి. అలా అడిగే క్లయింటు దొరికితే స్టూడియోకూ ఎనిమిదో త్రీడీ గీయాల్సిన పని తప్పుతుంది, ఆ గంటలు మీ ఇంటి సెక్షన్ మీద పడతాయి.